పావుగంటక్క

మా కాన్పుల వార్డులో ఆవిడని అందరం పావుగంటక్క అనేవాళ్ళం. ముఖం మీద కాదు లెండి, వెనకాల. బిడ్డ పుట్టిన తర్వాత రెండు గంటలపాటు, ప్రతి పావుగంటకూ తల్లి పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడి ఉందో లేదో చూడాలి. ఇది పుస్తకంలో ఉన్న నియమమే, అందరం చదువుకున్నదే. దాన్ని పొల్లు పోకుండా పాటించిన మనిషిని మాత్రం నేను ఆవిడనొక్కర్తినే చూశాను. టిఫిన్ డబ్బా మూత తీసి కూర్చున్నా సరే, టైమైతే మూత మళ్ళీ బిగించి లేచిపోయేది. "మీ ఒంట్లో ఎక్కడైనా అలారం కుట్టించుకున్నారా అక్కా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. "అలాంటిది దొరికితే నీకూ ఒకటి కుట్టిద్దును" అంది.

పొట్ట చూసి ఊరుకునేది కూడా కాదు. తల్లి నడుం కిందకి అరచెయ్యి దూర్చి, పక్క తడిసిందేమో చూసి తీసేది. అది ఆవిడ పాత అలవాటు. పదో తరగతితో ఇదే ఆసుపత్రిలో ఆయాగా చేరి, పన్నెండేళ్ళు పక్కలు మార్చి, ఆ మధ్యలోనే పై చదువు చదివి, ముప్పై దాటాక నర్సయింది. "పైనుంచి చూసేవాళ్ళకి బట్ట పొడిగానే కనబడుతుందే. కింద ఎంత పోయిందో దుప్పటి లాగేవాళ్ళకే తెలుస్తుంది" అనేది. నేను చెవిన వేసుకుంటేగా!

నా సంగతీ చెప్పాలి. కాలేజీలో మొదటి మార్కులు నావే. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. కోపం ముక్కు మీద ఉండేది. వార్డులో చేరి నాలుగు నెలలైనా కాలేదు గాని, ఆయాగా చేరిన మనిషి నాకు పాఠాలు చెప్పడమేమిటని లోపల ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడీ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. అయినా రాయక తప్పదు.

ఆ రోజు పొద్దున్నే నొప్పులతో ఒక బస్సు కండక్టరు వచ్చింది. తొలి కాన్పు. తోడుగా వాళ్ళమ్మ ఒక్కతే. నొప్పి వచ్చినప్పుడు మంచం కడ్డీ పట్టుకుని గట్టిగా అరిచేది, నొప్పి తగ్గగానే నోరు విప్పి జోకులేసేది. "ఇది తొమ్మిది నెలలు టిక్కెట్టు లేకుండా తిరిగింది సిస్టర్! ఇవాళ దింపెయ్యండి" అంది. పావుగంటక్క ఆవిడని గదిలో అటూ ఇటూ నడిపించింది, నడుం రాసింది, గుక్కెడు గుక్కెడు నీళ్ళు పట్టింది. "అరువమ్మా, అరువు. ఇక్కడ నిన్ను తప్పుపట్టేవాళ్ళు ఎవరూ లేరు" అంటూ ఆవిడ ఊపిరితో పాటు తనూ ఊపిరి వదిలింది.

సరిగ్గా పదకొండుకి ఆడపిల్ల పుట్టింది. అక్క పాపని తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. రక్తం ఎక్కువ పోకుండా నేను తల్లి తొడకి ఇంజెక్షన్ చేశాను. బొడ్డుతాడులో కొట్టుకోవడం ఆగాక కత్తిరించాం. మాయ వచ్చాక పళ్ళెంలో పెట్టి, అటూ ఇటూ తిప్పి, ఒక్క ముక్క కూడా లోపల మిగల్లేదని అక్క చూసుకుంది. "ఇక ఈ తల్లి నీ బాధ్యత అమ్మడూ. పావుగంటకోసారి" అని నాతో చెప్పి, పక్క గదిలో ఇంకో కాన్పుకి వెళ్ళింది.

పదకొండుంబావుకి చెయ్యి పెట్టి చూశాను. గర్భసంచి గట్టిగానే ఉంది. కాగితం మీద మొదటి గడిలో రాశాను. ఇంకా ఏడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. బయట కొత్తగా వచ్చిన గర్భిణి ఒకరు కూర్చుని ఉన్నారు, ఫోను మోగుతోంది. ఎలాగూ అంతా బాగానే ఉందిగదా అని, ఒంటిగంట వరకూ ఉన్న గళ్ళన్నీ ఒకే ఊపులో నింపేశాను. గట్టిగా ఉంది, రక్తస్రావం మామూలు, నాడి ఎనభై. అరగంట తర్వాత కొట్టుకోబోయే నాడిని కూడా నేనే ముందుగా లెక్కపెట్టేశానన్నమాట! ఈ పాపం మా వృత్తిలో నేనొక్కదాన్నే చేశానని అనను. చేసినదాన్ని మాత్రం నేనే.

పదకొండున్నర దాటాక ఒకసారి తొంగిచూశాను. కండక్టరు ఆవులిస్తోంది. "దాహంగా ఉంది సిస్టర్. నిద్ర ముంచుకొస్తోంది" అంది. "పడుకో అమ్మా, అంత కష్టపడ్డావుగా" అన్నాను. బట్ట వైపు చూశాను, పొడిగానే ఉంది. రెండు గ్లాసుల నీళ్ళిచ్చి వెళ్ళిపోయాను.

పదకొండూ నలభైకి అక్క వచ్చింది. నేను ఆవిడ వెనకే ఉన్నాను. మంచానికి తగిలించిన కాగితం చూసింది, గోడ గడియారం చూసింది. "నీ కాగితం గడియారాన్ని దాటిపోయిందే అమ్మడూ" అంది, గొంతు పెంచకుండానే. అంటూనే తల్లి నడుం కిందకి చెయ్యి పోనిచ్చింది. ఆ చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా బయటికొచ్చింది.

నేను ఆ కాగితం వైపే చూస్తూ నిలబడ్డాను. అక్క మాత్రం ఒక చేత్తో తల్లి పొట్ట పట్టుకుంది. గర్భసంచి పిండిముద్దలా మెత్తగా ఉంది. "పాపని అమ్మమ్మ చేతిలో పెట్టు. డాక్టరమ్మని కేకెయ్యి. సెలైన్ ఎక్కించు. యూరిన్ పైపు తే" అంది. ఒకదాని వెంట ఒకటి చెబుతూనే పొట్టని గుండ్రంగా రుద్దుతోంది. పైపు వేయగానే సంచీలోకి అర లీటరు పైనే వచ్చింది. పొద్దుట్నుంచీ ఆ తల్లిని మూత్రానికి వెళ్ళావా అని నేను అడిగిన పాపాన పోలేదు. మూత్రసంచి నిండి గర్భసంచిని పక్కకి నెట్టేస్తే, అది ముడుచుకోలేదు. ముడుచుకోకపోతే రక్తం ఆగదు.

కండక్టరు పెదవులు తెల్లబడ్డాయి. "అక్కా, నేను దిగిపోతున్నానా?" అని అడిగింది. ఆ గొంతులో ఈసారి జోకు లేదు.

"నీ స్టాపు ఇంకా చాలా దూరముందమ్మా. కదలకుండా కూర్చో" అంది అక్క, రుద్దడం ఆపకుండా.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. సెలైన్‌లో మందు కలిపారు, రక్తం కోసం కబురు పంపారు. పన్నెండు నిమిషాలు. అంతసేపూ అక్క చెయ్యి తీయలేదు. చివరికి ఆవిడ నా చెయ్యి లాగి తన చెయ్యి ఉన్న చోట పెట్టింది. వేళ్ళ కింద గర్భసంచి మెల్లగా బిగుసుకుని, కొబ్బరికాయంత గట్టిగా అయింది. రక్తస్రావం ఆగింది.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని ఆ కాగితం అందుకోవడం. చించేసి కొత్తది రాద్దామని. అక్క చూసింది.

"చించకు. తప్పు రాసినచోట ఒక్క గీత కొట్టు, కింద అక్షరం కనబడాలి. పక్కన జరిగింది రాసి సంతకం పెట్టు."

"నా ఉద్యోగం పోతుందక్కా."

"పోవచ్చు. అది పోకుండా చూడమని నేనొచ్చి బతిమాలతాను. ఆ తల్లి ప్రాణం పోయుంటే ఎవర్ని బతిమాలేదాన్నే?"

అన్నట్టే బతిమాలింది. పెద్ద నర్సు గదిలో ముప్పావుగంట నిలబడి, "నా చేతి కింద పెట్టండి, నేను చూసుకుంటా" అంది. మూడు నెలలు ఏ తల్లినీ ఒంటరిగా చూడకూడదన్న షరతుతో నన్ను ఉంచారు. ఆ మూడు నెలలూ ఆవిడ నన్ను ఒక్క మాట దెప్పలేదు. వార్డులో ఎవరి దగ్గరా నోరు జారలేదు. తిట్టి ఉంటే తిరగబడేదాన్ని, అది నా గుణం. ఆవిడ నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది. ఇవాళ ఈ చేతులకి ఏదైనా పని వచ్చిందంటే అది ఆవిడ పెట్టిన భిక్ష. ఈ మాట ఆవిడ ముందు అంటే, "చాల్లే, పోయి చేతులు కడుక్కో" అంటుంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

కాని ఆ రోజు ఇంకో పని మిగిలింది. "ఆ అమ్మాయికి నువ్వే చెప్పాలి" అంది అక్క. డాక్టరమ్మ ముందు ఆ కాగితం మీద తప్పు ఒప్పుకుని సంతకం పెట్టడం దీనికంటే నయమనిపించింది.

మూడు గంటలకి వెళ్ళాను. కండక్టరు దిండుకి ఆనుకుని పాపకి పాలిస్తోంది. ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. అక్క కిటికీ దగ్గర బట్టలు మడత పెడుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే, చూడకుండానే చూసినట్టు రాశావా?"

"అవునమ్మా."

"నా పిల్ల పుట్టిన గంటకే తల్లి లేనిదయ్యేదా?"

"అయ్యేదేమోనమ్మా" అన్నాను. ఇక ఆగలేదు, ఏడుపు తన్నుకొచ్చింది.

ఆవిడ పాప పెదవి మీది పాల చుక్క తుడిచింది. నన్ను గదిలోంచి పొమ్మంటుందనుకున్నాను. పొమ్మన్నా తప్పు లేదు. ఇంకో నర్సుని పంపమని అడిగే హక్కు ఆవిడకుంది, అక్క అక్కడే ఉంది కూడా.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని" అంది చివరికి. పాపని ఇంకో చేతిలోకి మార్చుకుని, ఒంటి మీది దుప్పటి తనే పక్కకి తీసింది. "ముందు నా పొట్ట చూడు."

చేతులు కడుక్కుని వచ్చాను. పొట్ట మీద చెయ్యి పెట్టాను. నడుం కిందకి అరచెయ్యి పోనిచ్చి తీశాను. రెండుసార్లు తీశాను. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"గట్టిగా ఉందమ్మా. పక్క పొడిగా ఉంది."

"అయితే ఇప్పుడు రాసుకో" అంది.