గొంగడి మీద ఆకుపచ్చ గళ్లు

పదిమంది ఉన్న గదిలో చప్పుడు చెయ్యకుండా బతకడం త్రిమూర్తులుకు చిన్నప్పుడే అలవడింది. అమలాపురం దగ్గర పల్లెలో ఇద్దరన్నల కింద, ఇద్దరు తమ్ముళ్ల మీద పుట్టినవాడు. 2009లో దుబాయ్ వచ్చి, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌనుకు స్టోర్‌కీపరుగా చేరాడు. సత్వాలో ఆరుగురు పంచుకునే గదిలో కిటికీ పక్క పైమంచం దొరికింది. అక్కడ ఆ అలవాటే అతనికి పేరు తెచ్చిపెట్టింది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చేవాడు. చెంచా గ్లాసుకు తగలకుండా పంచదార కలిపేవాడు. కంప్యూటరు కొన్నాక దాని మోత కూడా తగ్గించాడు. గదిలో ఎవరైనా పడుకుని ఉంటే దగ్గు వచ్చినా వరండాలోకి పోయి దగ్గి వచ్చేవాడు.

కంప్యూటరు 2011లో వచ్చింది. ఏదో ఆఫీసు ఎత్తేస్తూ అమ్మిన పెద్ద డబ్బా. తమ్ముడి గృహప్రవేశం వీడియో ఊరి నుంచి వస్తే అది ఫోనులో ఆడలేదు. ఫోనుకు సరిపడేలా మార్చడం ఎలాగో నాలుగు వారాలు కూర్చుని నేర్చుకున్నాడు. ఇంగ్లీషులో అర్థం కాని మాటలకు పక్కన నిఘంటువు పెట్టుకునేవాడు. ఆ సంగతి పక్క గదికి తెలిసింది, తర్వాత పక్క బిల్డింగుకు, ఆ పైన లేబర్ క్యాంపులకు. శుక్రవారం వస్తే చాలు, ఎవరో ఒకరు సీడీయో పెన్ డ్రైవో పట్టుకుని మెట్లెక్కేవారు. మేనకోడలి ఓణీల వేడుక, కొత్త బోరులో నీళ్లు పడ్డ దృశ్యం, ఊళ్లో రథోత్సవం. అతను మారుస్తుంటే చూసేవాడు గానీ ఎవరి వీడియో గురించీ ఇంకొకరి దగ్గర ఎత్తేవాడు కాదు.

ప్రాసెసరు ఒక్కటే ఆ పని చేస్తే గంటల కొద్దీ పట్టేది. అందుకని గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొని లోపల బిగించాడు. ఎవరైనా అడిగితే తన గోడౌను భాషలోనే చెప్పేవాడు: లారీలో సరుకంతా ఒక బలమైనవాడు దించడం ఒక పద్ధతి, నలభైమంది వరసగా నిలబడి చేతులు మార్చడం ఇంకో పద్ధతి. కార్డంటే ఆ నలభైమంది. సాఫ్ట్‌వేరులో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఉన్నచోట టిక్కు పెడితే వాళ్లు పనిలోకి దిగుతారు.

2014 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం పొద్దున తొమ్మిది గంటలకు పర్శరాములు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, అల్ ఐన్‌లో ఖర్జూరం తోటలో తొమ్మిదేళ్లుగా పని. అది ఆడచెట్ల గెలలకు మగపూత కట్టే కాలం. వేళ్ల సందుల్లో పుప్పొడి ఇంకా తెల్లగా ఉంది. ముదీర్, అంటే తోట మేనేజరు, ఈ ఒక్క రోజే సెలవిచ్చాడు. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు తిరిగిపోవాలి, మళ్లీ మే మొదటి వారంలో ఊరికి విమానం ఎక్కేదాకా తోట దాటే వీలు లేదు. జేబులోంచి చేతిరుమాల్లో చుట్టిన చిన్న హార్డ్ డిస్కు తీశాడు.

అందులో ఆరు గంటల వీడియో ఉంది. పర్శరాములు మేనమామ చెప్పిన, కురుమల కులదైవం బీరప్ప కథ. రెండేళ్ల కింద ఊరి స్టూడియో అతను పెద్ద కెమెరాతో తీశాడు. ఆ ఫైళ్లు ఏ ఫోనులోనూ ఆడవు. మేనమామ పోయిన దసరాకు కన్నుమూశాడు. ఈ మేలో బీరప్ప పండుగకు కథ చెప్పాల్సింది పర్శరాములే అని పెద్దలు కబురు చేశారు. అతను ఒప్పుకోకపోతే పక్క మండలం మేళాన్ని పిలుస్తారు. ఒకసారి పిలిస్తే మరుసటేడూ వాళ్లే వస్తారు. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఉన్న కథ ఇంకో ఇంటికి పోతుంది.

త్రిమూర్తులు ఫైళ్లను చూసి, ఇంత బరువైనవి తన దగ్గరికి ఎప్పుడూ రాలేదని గ్రహించాడు. కథే గదా కావలసింది అనుకుని మెల్లగా అడిగాడు.

"పోనీ శబ్దం మటుకు తీసిచ్చెయ్యనా అండి? పావుగంట పని."

పర్శరాములు తల అడ్డంగా ఊపాడు.

"మాట నాకొస్తదన్నా. పాట నాకొస్తది. గొంగడే రాదు."

ఆ ముక్క త్రిమూర్తులుకు అర్థం కాలేదు. అప్పుడు పర్శరాములు విప్పి చెప్పాడు. మేనమామ భుజాన ఒక నల్ల గొంగడి ఉండేది. కథంతా దానితోనే. చుట్టి చంకనెత్తుకుంటే పసిగుడ్డు, కాళ్ల మధ్య వేసుకుంటే గుర్రం, రెండు చేతుల మీద చాపితే పాడె. ఆరు గంటల్లో అది ఎన్నిసార్లు ఏమేమవుతుందో ఎవరికీ లెక్క తెలియదు. పర్శరాములు పదేళ్లు ఆ మేళంలో డోలు కొట్టాడు.

"డోలు కొట్టేటోడు ఎన్కనుంటడు. నాకు మామ వీపే ఎరుక. చేతులెన్నడు చూడలే. నా చేతుల గొంగడి గొంగడిలెక్కనే ఉంటదన్నా."

త్రిమూర్తులు తెర ముందు కూర్చున్నాడు.

కింది మంచం మీద హయాత్ బాషా పడుకుని ఉన్నాడు. రాయచోటి మనిషి, బేకరీలో రాత్రి డ్యూటీ. పొద్దున ఏడింటికి వచ్చి నడుం వాల్చి, శుక్రవారమైతే జుమ్మా నమాజుకు లేస్తాడు. కంప్యూటరు బల్ల అతని తలాపునే. అందుకని ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు.

టిక్కు పెట్టి మొదలుపెడితే ఆరు గంటల వీడియో మూడు గంటల్లోపు అయిపోతుందని తెర చూపింది. త్రిమూర్తులు టీ కాచుకొచ్చాడు. పదకొండో నిమిషంలో పర్శరాములు అతని మోచేయి తట్టాడు. తెర మీద మేనమామ గొంగడి విదిలిస్తున్నాడు. విదిలించిన మేరా ఆకుపచ్చ గళ్లు పరుచుకున్నాయి. గొంగడి కదిలితే గళ్లూ కదిలాయి. చేతులు కనబడలేదు. మరో నిమిషానికి పని దానంతటదే ఆగిపోయింది.

త్రిమూర్తులు కంగారు పడే మనిషి కాదు. సొరుగులోంచి రూళ్ల నోటుబుక్కు తీశాడు. గోడౌనులో లెక్క తప్పినప్పుడు చేసేదే ఇక్కడా చేస్తాడు: ఒకసారికి ఒక్కటే మార్చడం, ఏం జరిగిందో రాయడం. స్టూడియో అతను కథను నాలుగు ఫైళ్లుగా ఇచ్చాడు. రెండోదాన్ని పెట్టి చూశాడు. ఈసారి ఆరో నిమిషంలోనే గళ్లు వచ్చాయి. ఫైలు చెడిపోలేదన్నమాట. తర్వాత టిక్కు తీసేసి, ప్రాసెసరు ఒక్కదాన్నే పనిలో పెట్టాడు. అరగంట నడిచినా బొమ్మ కడిగినట్టు శుభ్రంగా ఉంది. కానీ మొత్తం అవడానికి ఇరవై ఒక్క గంటలని తెర చెప్పింది.

రేపటిదాకా నడిపి ఎవరిచేతనైనా పంపుతానన్నాడు త్రిమూర్తులు. తోట అల్ ఐన్ దాటి ఇసుకలోకి పోతే వస్తుందని, అక్కడికి నీళ్ల బండి తప్ప ఏదీ రాదని పర్శరాములు చెప్పాడు. ఆ తర్వాత అతను గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టాడు. సంగతి కార్డు దగ్గరే ఉందని తేలిపోయింది. కార్డును నడిపే డ్రైవరు కిందటి నెల కొత్తది వేశాడు గనక, దాన్ని తీసి పాతది వేసి, కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. పదకొండో నిమిషం దాకా బాగానే నడిచింది. పర్శరాములు చూస్తుండగానే గళ్లు మళ్లీ వచ్చాయి. ఈసారి ఫైలును మధ్యలోంచి మొదలుపెట్టాడు. ఐదో నిమిషం.

అప్పటికి పన్నెండు కావస్తోంది. పర్శరాములు హార్డ్ డిస్కు రుమాలును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు. త్రిమూర్తులు తను రాసిన అంకెల్ని వరసగా చదివాడు. పదకొండు, ఆరు. ప్రాసెసరు పనిచేసిన అరగంట. మళ్లీ పదకొండు, ఐదు. గోడౌనులో సరుకు చెడితే అతను మొదట చూసేది ఇదే. లోపం సరుకులో ఉంటే ఎప్పుడు తెరిచినా అదే పెట్టెలో ఉంటుంది. వేళను బట్టి వస్తుంటే లోపం షెడ్డుది. ఇక్కడ ఏ ఫైలు పెట్టినా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టినా ఒకటే. కార్డుకు అరగంట విశ్రాంతి దొరికినప్పుడు పదకొండు నిమిషాలు నిలుస్తోంది, దొరకనప్పుడు అందులో సగం.

చెయ్యి చాచి డబ్బా పక్కరేకు మీద పెట్టాడు. వెంటనే తీసేశాడు. కార్డు వేడి ఎంతుందో చూపించే విండో ఒకటి తెర మీద తెరిచాడు. తొంభై ఎనిమిది డిగ్రీలు. దాని కిందే ఫ్యాను వేగం: ముప్పై శాతం. పక్కన చిన్న తాళం గుర్తు. ఆ తాళం వేసింది తనే.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం, కార్డు ఫ్యాను హోరున తిరుగుతుంటే హయాత్ బాషా నిద్దట్లో దుప్పటి ముఖం మీదికి లాక్కోవడం చూశాడు. ఆ రోజే ఆ వేగాన్ని ముప్పై దగ్గర కట్టేశాడు. ఇన్నాళ్లూ వచ్చినవి పది నిమిషాల్లో అయిపోయే చిన్న చిన్న ఫైళ్లు గనక కార్డు ఎలాగో నెట్టుకొచ్చింది. సంగతి తనే మరిచిపోయాడు.

తాళం తీస్తే సరిపోతుంది. త్రిమూర్తులు తీయలేదు. మౌసు మీద వేలు అలాగే ఉంచి మంచం వైపు చూశాడు. బాషా రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడి వచ్చిన మనిషి. నమాజుకు లేచేదాకా ఆగితే అరగంట పోతుంది. ఆయన మసీదు నుంచి వచ్చి మళ్లీ పడుకుంటాడు, అప్పుడైనా మోత తప్పదు. పర్శరాములుకు విషయం గుసగుసగా చెప్పాడు. పర్శరాములూ మంచం వైపు చూశాడు. ఆ పడుకున్నవాణ్ని లేపమని అడిగే చనువు అతనికీ లేదు.

లేపకుండానే బాషా లేచాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో మరి, కళ్లు మూసుకునే మాట్లాడాడు.

"ఏం మూర్తి భాయ్, నా పేరు చెప్పి ఆ మనిషిని కూచోబెట్నావా?"

త్రిమూర్తులు నొచ్చుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫ్యాను పెంచితే మోత వస్తుందని, రెండేళ్ల కిందట ఆయన నిద్ర కోసమే తగ్గించానని. బాషా లేచి కూర్చున్నాడు.

"అది ఆగినకాడ్నుంచి శుక్రారం నాకు నిద్రే ల్యా భాయ్. బేకరీలో రాత్రంతా బ్లోయర్ మోత. అది లేకుంటే నా చెవులు ఊరకుండవు. ఈ గదిలో ఎవురెవురు ఏ రకంగా గురక పెడ్తారో రాసియ్యమంటే రాసిస్తా."

"మరి దుప్పటి కప్పుకున్నావు కదా ఆ రోజు?"

"ఏసీ చలి. నువ్వేమో నా కోసరం ఆపితివి. మంచికి చేసినోణ్ని ఏమని అడిగేది?"

రెండేళ్లు, అన్నాడు త్రిమూర్తులు. పర్శరాములు నవ్వు ఆపుకోవడానికి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇక గుసగుసలు అక్కర్లేదని ముగ్గురికీ ఒకేసారి తట్టినట్టుంది, ఆ తర్వాత అందరూ మామూలు గొంతుతో మాట్లాడారు.

త్రిమూర్తులు తాళం తీసి ఫ్యానును నూరుకు పెంచాడు. పక్కరేకు ఊడదీసి, కార్డు రెక్కల్లో పేరుకున్న సన్నటి ఇసుకను పెయింటు బ్రష్షుతో దులిపాడు. పన్నెండున్నరకు మళ్లీ మొదలుపెట్టాడు. పదకొండో నిమిషం దాటింది. ఇరవై దాటింది. వేడి డెబ్బై నాలుగు దగ్గర నిలబడిపోయింది. బాషా నమాజుకు పోయి వచ్చి, ఆ హోరు పక్కనే తల పెట్టి, రెండు గంటలు మెదలకుండా పడుకున్నాడు.

త్రిమూర్తులు మంచం మీది దుప్పటిని పర్శరాములు అడిగి తీసుకున్నాడు. తెర మీద మేనమామను చూస్తూ మంచాల మధ్య సందులో నిలబడి చుట్టాడు. పసిగుడ్డు కాలేదు, మడతపెట్టిన దుప్పటే అయింది. మేనమామ ఎడమచేతి బొటనవేలితో అంచును లోపలికి నొక్కుతున్నాడని త్రిమూర్తులు కనిపెట్టి చెప్పాడు. వెనక నిలబడ్డవాళ్లకు ఎన్నటికీ కనబడని చోటు అది. పర్శరాములు నొక్కి చూశాడు. దుప్పటికి తల వచ్చింది. అతను దాన్ని చంకనెత్తుకున్నాడు.

మూడున్నరకు పర్శరాములు, మార్చిన వీడియో ఎక్కించిన మెమరీ చిప్ ఫోనులో వేసుకుని అల్ గుబైబా బస్టాండుకు పరుగెత్తాడు. మే ఆఖరున అతని ఫోను నుంచి నిమిషన్నర వీడియో ఒకటి వచ్చింది. మార్చక్కర్లేకుండానే ఆడింది. పర్శరాములు నల్ల గొంగడిని ఒక్క విసురుతో చుట్టి ఎత్తుకున్నాడు. కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. డోలువాళ్లు అతని వెనక వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లకు అతని వీపే కనబడుతోంది. త్రిమూర్తులు ఆ వీడియోను నాలుగుసార్లు చూశాడు. ఒకసారి బాషాకూ చూపించాడు. ఎవరి వీడియో అయినా ఇంకొకరికి చూపించడం అదే మొదలు.

తర్వాత తర్వాత ఫోనులు ఏ ఫైలునైనా ఆడించడం నేర్చుకున్నాయి. 2017 నాటికి మెట్లెక్కి వచ్చేవాళ్లు ఆగిపోయారు. అయినా శుక్రవారం పొద్దున బాషా డ్యూటీ నుంచి వచ్చి పడుకోగానే త్రిమూర్తులు కంప్యూటరు పెట్టి, పని ఏమీ లేకుండా ఫ్యానును నూరుకు పెంచేవాడు. మిగతావాళ్లు మొదట్లో సణిగారు, తర్వాత వాళ్లకూ అలవాటైంది.

2019లో త్రిమూర్తులు వీసా రద్దు చేయించుకుని ఊరికి బయలుదేరాడు. కంప్యూటరును బాషాకు వదిలేశాడు. ఏ సాఫ్ట్‌వేరు ఎక్కడుందో, వీడియో మార్చాలంటే ఏం చెయ్యాలో చూపించబోతే బాషా చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవన్నీ నాకెందుకు భాయ్. ఫ్యాను పెంచేది యాడో అది చూపిచ్చు చాలు."

త్రిమూర్తులు చూపించాడు. నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి, దాని మీద పెద్ద అక్షరాలతో నూరు అని రాసి, తెర అంచుకు అంటించి వెళ్లాడు.