నర్సయ్య తాత దగ్గు

ఎనభైల మొదట్లో నేను పాలమూరు నుంచి బొంబాయి వచ్చి, కామాఠిపురాలో మా మామ ఉండే ఒంటిగది ఖోలీలో ఉంటూ సిమెంటు పనికి వెళ్లేవాణ్ణి. "మంచోళ్ల సోపతి పట్టకుంటే ఈ గల్లీ నిన్ను మింగేస్తదిరా" అంటూ మామ ప్రతి శనివారం నన్ను పక్కనున్న వరుస గదుల చాల్‌లో జరిగే భజనకు తోలేవాడు. మేస్త్రీ నర్సయ్య తాత పాడించేవాడు. నా ధ్యాసంతా చివర్లో పెట్టే గుగ్గిళ్ల మీదే. వెనక కూర్చుని ఊరికే పెదాలు కదిపేవాణ్ణి.

ఒక శనివారం భజన ముగించుకుని ఫోరస్ రోడ్డు మీదుగా వస్తుంటే, అక్కడి సారా అడ్డా మీద పోలీసులు పడ్డారు. పారిపోతున్న తాగుబోతులతో పాటు నన్నూ ఒక హవల్దారు కాలర్ పట్టి ఆపాడు.

"భజన్ సే ఆరా సాబ్" అన్నాను ఏడుపు గొంతుతో.

"అచ్ఛా? తో గాకే దిఖా!" అన్నాడు, పాడి చూపించమని లాఠీ ఊపుతూ.

మామకు తెలిస్తే మర్నాడే ఊరి బస్సెక్కిస్తాడు. కళ్లు మూసుకుని నోరు తెరిచాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, రాముడి కీర్తన మొత్తం ధారగా వచ్చేసింది. చరణానికీ చరణానికీ మధ్య నర్సయ్య తాత దగ్గే దగ్గుతో సహా!

హవల్దారు పగలబడి నవ్వాడు. ఆ ముసలాయన దగ్గు ప్రతి శనివారం పోలీసు చౌకీ దాకా వినిపిస్తుందట. "జా బేటా" అని వదిలేశాడు.

గుగ్గిళ్ల కోసం కూర్చున్నా సరే, మంచివాళ్ల పక్కన కూర్చుంటే ఏదో ఒకటి అంటుకోక మానదు. ఇప్పుడు తాత లేడు. ఆ భజన నేనే పాడిస్తున్నాను. ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలు కూడా చరణం అయిపోగానే ఒకసారి దగ్గి, తర్వాతి చరణం ఎత్తుకుంటున్నారు.