చచ్చినాయన పెట్టిన రొట్టె

ఇందుమూలంగా ఊరి జనానికి తెలియజేయునది ఏమనగా: వచ్చే ఆదివారం నుంచి మా చర్చి గంట సరిగ్గా పదింటికే మోగును. ప్రార్థన మధ్యలో ఎవరూ నవ్వరు. చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర అడిగే మనిషికి భయపడి ఆడవాళ్లు డబ్బా దాచుకోనవసరం లేదు. కారణమేమనగా, మా పాస్టరయ్య మొన్న మంగళవారం పొద్దున వనపర్తి దవాఖానలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఈ కబురు ఊరికి మొదట చెప్పింది నేనే. చిక్కు అక్కడే వచ్చింది. సంఘ పెద్దకు ఫోన్ చేసి, అయ్యగారు పోయిండు, సమాధికి గుంత తవ్వించు అన్నాను. ఆయన కాసేపు నవ్వాడు, తర్వాత తిట్టాడు. తప్పు ఆయనది కాదు. నీళ్ల ట్యాంకరు వస్తోందని చెప్పి ఊరందర్నీ బిందెలతో ఎండలో నిలబెట్టినవాడిని నేను. అదే సంఘ పెద్దకు నీ కోడలికి కవలలు పుట్టారని చెప్పి రెండు జతల చిన్నబట్టలు కొనిపించినవాడిని.

"నీ మాట మీద గుంత తవ్విస్తే, రేపు అయ్యగారు వచ్చి అండ్ల నన్నే పండుమంటడు" అన్నాడాయన.

ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. చివరికి పక్కనే కూర్చున్న పాస్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "ఈసారి వాడు నిజమే చెప్తుండు" అంది. అంతే. ఆ సాయంత్రానికే గుంత తవ్వించాడు.

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను, రెండోసారి కూడా అది నాకు ఎక్కలేదు. కాబట్టి పెద్ద మాటలు ఆశించకండి. తెలిసింది చెబుతాను.

మా గద్వాల వైపు విత్తనాల కోసం పత్తి వేస్తారు. సాయంత్రం మొగ్గల తొడుగు ఒలిచి, తెల్లారి మగపువ్వు తెచ్చి ఒక్కో మొగ్గకూ రాయాలి. క్రాసింగ్ అంటాం. మగపువ్వు తగలని మొగ్గ రాలిపోతుంది. మొగ్గకు ఆదివారం సెలవని తెలియదు కదా, ఆ రెండు మూడు నెలలూ చర్చిలో చాపలు తప్ప మనుషులుండరు. మా పాస్టరయ్య చాపలకు ప్రసంగం చేసే రకం కాదు. బైబిలు సంచీలో వేసుకుని చేనుకే వచ్చేవాడు. సాలులో మాతో పాటు నడుస్తూ, ఒక చేత్తో పువ్వు రాస్తూ వాక్యం చెప్పేవాడు. మిగతా రోజుల్లో ఆయనా కూలికి వచ్చేవాడే. కానుకల పళ్లెంతో ఇద్దరి కడుపు నిండే సంఘం కాదు మాది.

ఒకసారి సంతోషం గురించి చెప్పే ఊపులో ఒక సాలుకు రెండుసార్లు రాసి, పక్క సాలు మొత్తం వదిలేశాడు. రైతు మా అందరి ముందూ నానా మాటలన్నాడు. అయ్యగారు నవ్వి, మేమంతా అన్నానికి కూర్చున్నాక ఒక్కడే మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ సాలంతా రాసుకుంటూ వచ్చాడు. పాట పాడుకుంటూ. నాకు ఒళ్లు మండింది.

ఆ నవ్వు నకిలీదని నా అనుమానం. ఒక ఏడు గాలివాన వచ్చి చర్చి రేకులు లేచిపోయాయి. అదే గాలికి నా ఇంటి రేకులూ పోయాయి. నేను దేవుణ్ణీ గాలినీ కలిపి తిడుతుంటే, ఆయన కప్పు లేని చర్చిలో నిలబడి, ఇప్పుడు అడ్డం ఏం లేదు, ప్రార్థన జల్ది పోతది అన్నాడు. ఆయన కూతురు జ్వరంతో చనిపోయిన ఏడు కూడా చూశాను. నెల రోజులు చర్చిలో పాట లేదు. ఆ తర్వాత మళ్లీ పాట అందుకున్నాడు. ఎట్ల నవ్వొస్తదయ్యా నీకు అని ఒకసారి మొహం మీదే అడిగాను.

"కష్టం మా ఇంటికి వస్తది, పోతది. సంతోషం మా ఇంట్లనే ఉంటది. ఎవరు చుట్టమో, ఎవరు ఇంటోళ్లో నాకు తెల్వాలె గదరా" అన్నాడు.

నాకు నచ్చలేదు. ఒక్కసారైనా ఈ మనిషి విసుక్కోవడం చూడాలని పట్టుపట్టాను. గద్వాలలో రూపాయి వేసే డబ్బా ఫోన్ నుంచి అయ్యగారికి చేసి, గొంతు మార్చి, మల్దకల్ అవతల ఫలానా ఊళ్లో ఫలానా ముసలాయన చనిపోయాడు, సమాధి ప్రార్థనకు రావాలి అని చెప్పాను. ఆ ముసలాయన చేన్లలో నాకు తెలిసినవాడు. పేరుకే క్రైస్తవుడు. భార్య పోయిన దగ్గర్నుంచి దేవుడి మీద అలిగి, ఏ చర్చి గడపా తొక్కలేదు.

అయ్యగారు జోరువానలో సైకిల్ మీద బయల్దేరాడు. వాగు దగ్గర జారి పడ్డాడు. మోకాలు తిరిగిపోయింది. సైకిల్ అక్కడే వదిలి, కుంటుకుంటూ మిగతా దారి నడిచాడు. వెళ్లి చూస్తే చచ్చినాయన అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కడుపు పట్టుకుని నవ్వారట. ముసలాయన జొన్నరొట్టె కాల్చి, పల్లీల పొడి వేసి పెట్టాడట. చాలా ఏళ్ల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు కూర్చుని తినడం అదే మొదలట. ఆ పై నెల నుంచి ప్రతి నెలా ఆ అరుగు మీద ప్రార్థన. ఇప్పుడక్కడ ఇరవై మంది దాకా కూర్చుంటారు. మా ఊళ్లో ఆ ముసలాయనకు 'చచ్చినాయన' అనే పేరు స్థిరపడిపోయింది.

మోకాలు మాత్రం బాగుపడలేదు. నా కళ్ల ముందు ఇన్నేళ్లు ఆయన కుంటుతూనే నడిచాడు. దాని మీద కూడా ఆయనకు నవ్వే. ఇంతకుముందు సైకిల్ మీద సర్రున పోయేవాణ్ణి, ఇప్పుడు ప్రతి ఇంటి ముందూ ఆగుతున్నా, ఎవరు తిన్నరో ఎవరు తినలేదో కనబడుతున్నది అనేవాడు. గంట కొట్టడానికి ఆలస్యమయ్యేది అందుకే. ఆయన అలా నవ్విన ప్రతిసారీ నేను తల దించుకుని నా చెప్పుల వైపు చూసుకునేవాణ్ణి.

దవాఖానలో చివరి రెండు రోజులూ నేనే దగ్గరున్నాను. ఆ పొద్దున మంచం పట్టుకుని కూర్చుని చెప్పేశాను, అయ్యా, ఆ ఫోన్ చేసింది నేనే, నిన్ను కుంటోణ్ణి చేసింది నేనే అని. ఆయన దగ్గుతూ నవ్వాడు.

"ఆ రోజే తెల్సురా. గొంతు మార్చినవ్ గని, నడుమ తుమ్మినవ్. గట్ల తుమ్మెటోడు ఈ జిల్లాల నువ్వొక్కనివే. నువ్వే పంపినవనుకుంటున్నవ్. నన్ను పంపినోడు వేరే ఉన్నడు" అన్నాడు.

సమాధి దగ్గర చేనంత జనం. మట్టి వేయడానికి మొదట వచ్చింది చచ్చినాయన. ఎనభై దాటిన మనిషి, మల్దకల్ నుంచి బస్సెక్కి వచ్చాడు. గుప్పెడు ఎర్రమట్టి పట్టుకుని నా పక్కనే నిలబడి, ఆనాడు ఫోన్ చేసినాయన నడుమ గట్టిగ తుమ్మిండని అయ్యగారు చెప్పిండు, ఆయనెవరో దొరికితే కాళ్లు మొక్కుతా అన్నాడు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. దవాఖానలో నేను ఒప్పుకున్నానని రాశానే, అది కల్పన. ఆనాడు ఫోన్‌లో నేను తుమ్మిన మాట నిజం, మిగతాదంతా నేను అల్లింది. ఆ పొద్దున ఆయన నా వైపు చూసి, నోట్ల ఏందో పెట్టుకుని కూసున్నవ్, ఏందిరా అని అడిగాడు. ఏం లేదయ్యా, చాయ్ తెస్త అన్నాను. నాలుగు చెంచాలు వెయ్యిమను అన్నాడు. చాయ్ పట్టుకుని వచ్చేసరికి పాస్టరమ్మ ఆయన కళ్లు మూస్తోంది.

సమాధి దగ్గర మట్టి దుమ్ము లేచింది. నాకు తుమ్ము వచ్చింది. ఆపుకోవచ్చు, ఆపుకోలేదు. గుంత వైపు తిరిగి గట్టిగా తుమ్మాను. అందరూ తల తిప్పి చూశారు. చచ్చినాయన గుప్పిట్లోంచి ఎర్రమట్టి కొంచెం కొంచెంగా జారుతూ ఉంది.