ఒక్క రొయ్య ఉన్న గుంత

తోటపల్లి గూడూరు దగ్గర మా అక్కకు నాలుగు గుంతలు. మూడింట్లో రొయ్యలుంటాయి, నాలుగోదాంట్లో ఉత్త నీళ్లు. కాలవ నీళ్లు తోడి ముందు అందులో నిలవబెట్టి, తేరుకున్నాక రొయ్యల గుంతల్లోకి వదులుతారు. అక్క మాత్రం ఎవరడిగినా నాలుగు గుంతలనే చెబుతుంది. అందులో తప్పేముందో ఊళ్లో ఎవరికీ కనబడలేదు. నాకు కనబడింది. నేను ప్రోగ్రామర్ని.

నెల్లూరులో మా చిన్న ఆఫీసు రొయ్యల రైతుల కోసం ఫోనులో ఒక యాప్ నడుపుతుంది. గుంతలో దించిన మీటరు నీళ్లలో ఉప్పెంతో ఆక్సిజన్ ఎంతో కబురు పంపితే, యాప్ ఆ గుంత బొమ్మను నీళ్లు బాగుంటే పచ్చగా, లేకుంటే ఎర్రగా చూపిస్తుంది. ఉన్న రొయ్యల సంఖ్యను బట్టి మేత ఎంత చల్లాలో చెబుతుంది. అక్కకు దాన్ని అలవాటు చేసింది నేనే. "నీళ్ల గుంతను కూడా ఇందులో పెట్టవే. నీళ్లు బాగుండాయో లేదో అక్కడే తెలిసిపోతే నాకు సగం దిగులు పోద్ది" అని అడిగింది.

ఆఫీసులో నా పక్క సీటాయన అరపూటలో రాసేశాడు. ఆయన లెక్కలో నీళ్ల గుంత కూడా ఒక రకం గుంతే, మేత సంగతి అడిగితే మాత్రం ఏమీ చెప్పదు. ఆయన రాసినదానికి సరే అనాల్సింది నేను. అనలేదు. మా వృత్తిలో ఒక సూత్రం ఉంది. ఒక టైపు, అంటే ఒక రకం, కావాలన్న చోట దాని కిందికొచ్చే ఉపటైపును పెట్టినా పని ఎప్పట్లాగే సాగాలి. పెళ్లికి పెద్ద వంటాయన బదులు తమ్ముడు రావచ్చు, కానీ వచ్చాక నాకు సాంబారు రాదు అనకూడదు. మేత తినని గుంత గుంతే కాదని అరగంట పాఠం చెప్పాను.

"మేడం, మేత తినేది రొయ్యలు కదా, గుంత కాదు కదా" అన్నాడాయన. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. 'నీళ్లుండే చోటు' అని పైన ఒక టైపు పెట్టి, దానికింద రెండు రకాల గుంతల్నీ విడివిడిగా రాయడమే పద్ధతి అన్నాను. ఆ పద్ధతిని పదకొండు పేజీల్లో వివరించి, బొమ్మలు గీసి, అందరికీ పంపాను. ఎప్పుడు చేస్తామో మాత్రం అందులో రాయలేదు.

అక్క అన్నాళ్లు ఆగలేదు. రొయ్యల సంఖ్య సున్నా అంటే యాప్ ఒప్పుకోదు కాబట్టి, నాలుగో గుంతలోనూ మీటరు దించి, రొయ్యలు ఒకటి అని నింపింది. యాప్ సంతోషంగా ఒప్పుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. ప్రతి సోమవారం రైతులందరికీ అది ఆ వారం ఉత్తమ గుంత ఏదో చాటుతుంది. అక్క నాలుగో గుంతలో వేసిన రొయ్యలు నూటికి నూరు శాతం బతికున్నాయని చాటింది. ఇందుకూరుపేట నుంచి కూడా ఫోన్లు వచ్చాయట. "అక్కా, ఏ హ్యాచరీ పిల్లలు వేసినావు?"

"ఒకటే వేసినా అన్నా. కంటికి రెప్పలాగా చూసుకుంటా ఉండా" అందట అక్క.

ఊరంతా నవ్వింది. మా మేనేజరు నవ్వలేదు, నాకైతే ఒళ్లు మండిపోయింది. ఆ మధ్యాహ్నమే కొత్త నిబంధన పెట్టాను. వెయ్యి రొయ్యల కంటే తక్కువున్న గుంత నుంచి మీటరు ఏ కబురు పంపినా తీసుకోకూడదు. అక్కకు చెప్పలేదు. చెబితే బతిమాలుతుంది, బతిమాలితే కరిగిపోతాను. సూత్రం మీద నిలబడ్డాననుకున్నాను గానీ నిలబడింది కోపం మీద.

నేను చూసుకోనిది ఒకటుంది. కబురు తీసుకోకపోయినంత మాత్రాన గుంత బొమ్మ పోదు. ఆఖరి కబురు నాటికి ఏ రంగులో ఉందో ఆ రంగులోనే ఉండిపోతుంది.

వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కురిసింది. కాలవలో ఉప్పునీళ్లు పోయి వాననీళ్లు నిండాయి. అక్క వాటినే తోడి నాలుగో గుంత నింపింది. ఫోను చూసుకుంది. పచ్చగా ఉంది. రెండో గుంతలోకి వదిలింది. ఉప్పు ఒక్కసారిగా అంత తగ్గితే రొయ్య తట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను చేసింది. "రొయ్యలు గట్టుకొచ్చేసినాయే."

నేను వెళ్లేసరికి, బతికున్నవాటినైనా అమ్ముకుందామని వల వేస్తున్నారు. పట్టడానికి ఇంకా నెల పైనే గడువుంది. వేలి పొడవైనా లేవు. పెంకు వదిలేసి, ముట్టుకుంటే నలిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. చచ్చినవి గట్టు పొడుగునా తేలుతున్నాయి. అక్క కుచ్చిళ్లు దోపుకుని మోకాటి లోతు నీళ్లలో ఉంది. "ఫోనులో పచ్చగానే ఉన్నిందే" అంది, నన్ను చూడగానే.

అక్కడే చెప్పేశాను. నిబంధన పెట్టింది నేనేనని, కావాలనే చెప్పలేదని. సిగ్గుతో చచ్చిపోయాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "లేనిదాన్ని ఉందని రాసింది నేనే కదమ్మా" అని మళ్లీ వల అందుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆఫీసుకెళ్లి పక్క సీటాయన పాత పని వెతికి సరే అన్నాను. "థాంక్స్ మేడం" అన్నాడు. అంతకంటే ఎత్తిపొడుపు అక్కర్లేదు. సూత్రం తప్పని ఇప్పటికీ అనను. మేత లెక్క వచ్చే ప్రతిచోటా ఇది నీళ్ల గుంత కాదు కదా అని ఒక తనిఖీ రాయాల్సి వస్తోంది. ఇప్పటికి ఏడు చోట్ల రాశాం. నా మాటే నెగ్గింది. నెగ్గిన సంగతి ఎవరికి చెప్పుకోను?

కొత్త పంట వేశాక వెళ్లి మారిన యాప్ చూపించాను. నాలుగో గుంత, రొయ్యలు లేవు, మేత లేదు, ఉప్పు ఎంతో పక్కనే ఉంది, రంగు పచ్చగా ఉంది. "బాగుండాదే" అంది అక్క, మనస్ఫూర్తిగానే. ఫోను నా చేతికిచ్చి గట్టు దిగింది. వంగి నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"అక్కా, ఇందులో చూపిస్తోంది కదా" అన్నాను.

"చూపిస్తా ఉండాదిలే" అని, రెండో గుంత దగ్గరికి నడిచి అక్కడా వంగింది.