శ్యామన్ మసారాయ్‌కి పడవ టికెట్టు

తైవాన్ తూర్పు తీరాన తైతుంగ్‌లో పడవ టికెట్ల వెబ్‌సైటు నడిపే చిన్న ఆఫీసులో అతన్ని అందరూ ఆ-హావ్ అనేవారు. బళ్లో పెట్టిన చైనా పేరది. సముద్రం అవతల, పుట్టిన దీవిలో అతను సి కలావ్; తొలిబిడ్డకి పేరు పెట్టేదాకా పేరు ముందు ‘సి’ అనడం అక్కడి రివాజు.

ఎగిరే చేపల కాలం మొదలవగానే అతని భార్య పసివాణ్ణి తీసుకుని దీవికి వెళ్లింది. సైటును కొత్తగా మార్చే పని నెత్తిన ఉండి అతను ఆగిపోయాడు. ముహూర్తం దాటిపోతుందని తాతే ఊటనీళ్లతో మనవడి మాడు తడిపి మసారాయ్ అని పేరు పెట్టాడు. ఆ దీవిలో తొలిబిడ్డకు పేరు పెడితే ఇంటిల్లిపాదికీ పేర్లు మారతాయి. తల్లి సినాన్ మసారాయ్ అయింది. తండ్రి శ్యామన్ మసారాయ్, అంటే మసారాయ్ వాళ్ల నాన్న.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. కలావ్ బుద్ధెరిగినప్పటినుంచీ అతన్ని "ఒరే" అని తప్ప పిలవని మనిషి.

"ఏమయ్యా, శ్యామన్ మసారాయ్! వింటున్నావా? నీ కొడుకు గోలకి నా చెవులు పోతున్నాయి. వచ్చి ఎత్తుకో."

"వస్తాను నాన్నా," అన్నాడు కలావ్.

ఆ తర్వాత ఆ పిలుపు కోసం ప్రాణం కొట్టుకుపోయింది. ఆఫీసులో ఆ-హావ్, టీ కొట్టులో ఆ-హావ్. స్కూటర్ మీద పోతూ హెల్మెట్‌లో తన పేరు తనే పిలుచుకునేవాడు. తానే పిలిస్తే ఏం తృప్తి? సెలవు పెట్టి వెళ్లి గుర్తింపు కార్డు మీద ఆ పేరు రాయించుకున్నాడు, దీవివాళ్లు రాసుకునే ఇంగ్లీషు అక్షరాల్లో. అక్కడి గుమాస్తా కిక్కురుమనకుండా మార్చిచ్చింది.

శనివారం పడవకి తమ సైటులోనే టికెట్టు తీయబోయాడు. ఎర్రటి అక్షరాలు వచ్చాయి: సరైన పేరు రాయండి.

పేజీలో పేరుని సరిచూసే తనిఖీని తీసేసి మళ్లీ నొక్కాడు. ఈసారి సర్వర్ అదే మాట అంది.

పక్కసీటు శూ-ఫెన్ అతని కంటే పెద్దది, ఆఫీసులో అందరికంటే పాత మనిషి.

"ఫెన్ అక్కా, పేరుకి ఈ షరతు పెట్టిందెవరు?"

"నేనే. ఏం, నచ్చలేదా దొరగారికి? జనం పేరు చోట పిల్లి బొమ్మలు పెట్టేవాళ్లు. విసుగొచ్చి, చైనా అక్షరాలు, రెండు నుంచి అయిదు, అంతే అని తాళమేశా."

"మరి నేను పిల్లినా?"

ఆమె నవ్వబోయి, అతను చూపించిన కార్డు చదివి ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కుంటూ పైకే చదివింది. కుర్చీ ఇటు లాక్కుంది.

"పేజీలో తనిఖీ ఉట్టి పలకరింపు తమ్ముడూ. ఎవడైనా దాటేస్తాడు. అసలు కాపలా సర్వర్‌దే. రెండుచోట్లా మార్చు."

"ఏ అక్షరాలైనా రానిస్తే, పేరు ముసుగులో ఎవడైనా కోడ్ తోస్తే?"

"తోయనీ. పేరుని పేరుగానే దాచు. తెర మీద చూపేటప్పుడు ఉట్టి అక్షరాలుగానే చూపు. దొంగ భయానికి చుట్టాన్ని వాకిట్లో నిలబెడతామా?"

ఏ భాష అక్షరాలనైనా, మధ్యలో ఖాళీనీ చుక్కనీ ఒప్పుకునేలా మార్చారు. ఖాళీ పెట్టెను మాత్రం ఒప్పుకోలేదు. శూ-ఫెన్ కావాలని ఓ దొంగ కోడ్ ముక్క సర్వర్‌కి పంపి చూసింది, అది గడప దాటలేదు. పాత రికార్డుల్లో అలాంటిదే ఒకటి పెట్టి తెరిస్తే తెర మీద ఉట్టి అక్షరాలుగా, చచ్చిన చేపలా పడుంది. తర్వాత అతను తన పేరు రాశాడు. టికెట్టు వచ్చింది.

శనివారం ఫుగాంగ్ రేవులో గాలి హోరెత్తింది. పడవ లేదన్నారు. దీవి ఉన్నవైపు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. ఆ మబ్బు కింద కొడుకు ఇప్పుడు నిద్రపోతున్నాడో ఏడుస్తున్నాడో. మర్నాటికి టికెట్లు మార్చిస్తున్న కౌంటర్ అమ్మాయి ఒక్కొక్కరినీ పిలుస్తోంది.

"శ్యా... మన్ మసారాయ్! శ్యామన్ మసారాయ్ గారు ఎవరండీ?"

ముందు ఇంకెవరినో అనుకున్నాడు. రెండోసారి పిలిచాక జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు.

"నేనేనండీ," అన్నాడు కార్డు చూపిస్తూ.

"రేపు కూడా నమ్మకం లేదండీ, గాలి తగ్గితేనే."

"పర్లేదు," అన్నాడు. వెనకాల వరస పెరుగుతున్నా అక్కడినుంచి కదల్లేదు. ఆమె ఇంకొక్కసారి పిలిస్తే బాగుండుననిపించింది.