ఆరున్నర అడుగుల స్విచ్ బోర్డు

మా అమ్మ ఊపిరిని ఆరున్నర అడుగుల ఎత్తున గోడకు వేలాడదీసిన ఘనుణ్ణి నేనే. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

నాలుగేళ్ల కిందట మిర్యాలగూడలోని మా పాత ఇంటికి వైరింగంతా మార్పించాను. నేను బళ్లో లెక్కలు చెబుతాను. ఆరడుగుల మనిషిని, పైగా నడుం నొప్పి. ఎలక్ట్రీషియన్ సైదులు గోడ మీద పెన్సిలుతో గీత గీస్తుంటే, "ఇంకా పైకి" అన్నాను.

"సార్, బోర్డు నాలుగున్నర అడుగులకు పెడితే అందరికి అందుతది. మంచం పక్కనైతే రెండడుగులు సాలు."

"వంగడం నా వల్ల కాదు. చెయ్యెత్తితే అందేలా అన్నీ ఆరున్నరకు పెట్టు. అమ్మ గదిలో తలుపు పక్కన ఒక్క బోర్డు చాలు."

"ఇంట్ల మేడం ఉన్నరు, పెద్దమ్మ ఉన్నది. వాళ్లను గూడ జర అడుగున్రి సార్."

"కొలతలు నాకే చెబుతావా సైదులూ?"

అతను నా వైపొకసారి, గోడ వైపొకసారి చూసి, గోడ మీదే జాలిపడుతూ ఉలి ఎత్తాడు.

మర్నాటి నుంచి ఐదడుగుల నా భార్య సునీత చపాతీ కర్రతో స్విచ్చులు వేయడం మొదలుపెట్టింది. "ఇది ఇల్లా, జిరాఫీల కొట్టమా?" అంది. అలవాటవుతుందన్నాను. అంతటితో ఆగానా? కొత్త వైరింగుండగా ఇదెందుకని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సును కోదాడ బావమరిదికి దానం చేశాను.

అమ్మకు ఆయాసం. ఓ ఆదివారం మధ్యాహ్నం పక్కింట్లో ఎండుమిర్చి వేయించిన ఘాటుకు దగ్గు మొదలై, ఊపిరి అందడం మానేసింది. మంచం అంచున కూర్చుని పట్టెను రెండు చేతులా పట్టుకుంది. పెదవులు నల్లబడుతున్నాయి. ఆ వారమే కొన్న, మందును ఆవిరి చేసి పీల్పించే మిషన్ తెచ్చి, తలుపు పక్క బోర్డులో ప్లగ్గు పెట్టి మంచం వైపు పరిగెత్తాను. సగం దారిలోనే వైరు బిగుసుకుంది.

"అత్తమ్మను లేపి అటు తీస్కపోదామా?"

"లేవలేదు సునీతా, మాటే రావడం లేదు!"

మిషన్ను పసిపిల్లలా ఎత్తుకుని చేతులు చాచాను. అటు వైరు, ఇటు గొట్టం, మధ్యలో నేను. మాస్కు అమ్మ ముక్కుకు అందింది. మిషన్ గుర్రుమంది. నిమిషం గడిచిందో లేదో, ఆగిపోయింది.

"ప్లగ్గు ఊడింది!" అని అరిచాను. అమ్మ నా చొక్కా గట్టిగా పట్టుకుంది, కదల్లేను.

సునీత ఎగిరింది. అందలేదు. మళ్లీ ఎగిరింది.

"నాకందుతలేదండీ!"

"కర్ర తే!"

"కర్రతోటి ప్లగ్గు ఎట్ల పెడ్తరు?"

బియ్యం డబ్బాను బరబరా ఈడ్చి, దానిపైకెక్కి ప్లగ్గు నొక్కింది. మిషన్ మోగింది.

"సెయ్యి తీస్తే ఊడుతున్నది!"

"తీయకు!"

"మీరు గుంజకున్రి!"

పది నిమిషాలు. చెమట కళ్లలోకి దిగింది. ఎగసిపడే అమ్మ ఛాతీ తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. నేను బోర్డులు పెట్టించిన ఎత్తు నా తలకన్నా జానెడే పైన, కానీ ఆ పూట తలెత్తి దాన్ని చూడలేకపోయాను. చివరికి ఆమె నిండుగా ఊపిరి పీల్చింది. మాస్కు పక్కకు జరిపి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏందిరా? ఆమె డబ్బా ఎక్కింది, నువ్వు డబ్బా ఎత్తుకున్నవ్. సర్కస్ పెట్టిన్రా ఇంట్ల?"

సునీత డబ్బా మీదే నిలబడి నవ్వుతూ ఏడ్చింది. నేను మిషన్ను మెల్లగా నేల మీద పెట్టాను. ఆ తర్వాత అమ్మను దవాఖానకు తీసుకెళ్లి చూపించాం. భయం లేదన్నారు.

మర్నాడు సైదులు వచ్చాడు. నేను ముందే చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, "పెద్దమ్మా, సెయ్యి సాపు" అన్నాడు. ఆమె వేళ్లు తాకిన చోట గీత గీశాడు. తక్కిన గదుల్లో సునీత చెయ్యి కొలత. గోడలకు మళ్లీ ఉలి దెబ్బలు. హాల్లో చివరి బోర్డు దగ్గర ఆగాడు.

"సార్, మీకోసం గీ ఒక్కటన్న పైన ఉంచాల్నా?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది: "ఉంచు బిడ్డా. ఫోన్ ఛార్జింగ్ గాడనే పెట్టుకుంటడు. కూసుంటే పొద్దంతా గదే సూస్తడు, నిలబడితే జల్ది ఖతం చేస్తడు."

అందుకే, ఆ బోర్డు కింద నిలబడి, ఛార్జింగులో ఉన్న ఫోను చేత పట్టుకుని, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మా గోడకు మేకు కొట్టాలన్నా, ఇంట్లో అందరి చేతులూ చాపించి చూశాకే సుత్తి పట్టుకుంటాను.