జొన్నలు ఆరబోసిన రోడ్డు

2024 ఫిబ్రవరి చివర. నంద్యాల ఊరి బయట, హైవే పక్కనున్న కార్ల సర్వీస్ సెంటర్లో నేను సర్వీస్ అడ్వైజర్‌ని. బండి తెచ్చినవాళ్ల కష్టం విని, లోపలున్న మెకానిక్‌కు అర్థమయ్యేలా రాసి పంపడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు డీజిల్ బండ్ల కింద పడుకుని చేతులు నల్లగా చేసుకున్నవాణ్ణే. కరెంటు కార్లు వచ్చాక స్పానర్ పోయి లాప్‌టాప్ వచ్చింది. బండికి కేబుల్ తగిలిస్తే ఏది బాగుందో, ఏది చెడిందో అదే చెబుతుంది. మెల్లగా నేను మనుషుల మాట కంటే దాని మాటే ఎక్కువ నమ్మడానికి అలవాటు పడ్డాను.

మా దగ్గర వచ్చిన ప్రతి బండికీ ఒక జాబ్ కార్డు రాస్తాం. అందులో మొదటి గడి పేరు ‘కస్టమర్ వాయిస్’. యజమాని ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే అక్కడ రాయాలని శిక్షణలో చెప్పారు. ఎవరూ అలా రాయరు. ‘మిట్ట ఎక్కేటప్పుడు ముసలెద్దు మాదిరి మూలుగుతాంది’ అని ఒక రైతు చెబితే మేం ‘నాయిస్’ అని రాస్తాం. పని త్వరగా తెములుతుంది.

ఆ రోజు వచ్చినావిడ ఎస్తేరమ్మ టీచరు. కొడుకు సుధాకర్‌తో ఆళ్లగడ్డలో ఉంటారు. అతనికి అక్కడే ఎరువుల అంగడి ఉంది. ఆమె రిటైరయ్యాక కారు నేర్చుకున్నారు. క్లచ్చు, గేర్ల బాధ ఉండదని కరెంటు కారు ఎంచుకున్నారు. ప్రతి ఆదివారం, తాను మొదట ఉద్యోగంలో చేరిన సంజామల దగ్గరి పల్లెకు వెళ్లి, అక్కడి చిన్న చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెప్పి, పాటలు నేర్పి వస్తారు. ఆ వేళకు ఆ పల్లెకు బస్సు లేదు. ఆమె కారు కొన్నదే దానికోసం. ఆ రోజు తల్లీకొడుకులు ఇద్దరూ వచ్చారు.

“ఏమైంది మేడం?” అని అడిగాను.

“బండి నన్ను జొన్నల్లోకి తోస్తాంది బాషా.”

“జొన్నల్లోకా?”

“ఊఁ. సంజామల రోడ్డు మీద జొన్నలు ఆరబోసింటారు కదా, సగం రోడ్డుకు. నేను తప్పించుకోని కుడిపక్కకు పోతా. స్టీరింగు ఎడమకు గుంజుతాంది. చేతులు నావి, తిప్పేది ఇంకెవరో అన్నట్టుండాది.”

సుధాకర్ నవ్వాడు. “పోయిన వారం నిజంగానే జొన్నల్లోకి తోలింది అన్నా. ఆ రైతు ఇంటిదాకా వచ్చి పంచాయితీ పెట్టినాడు. బండి తోసిందంట. చెప్పుకుంటే నగుబాటు.”

“నగుతావేమిరా! నేను మీద పడి తిప్పకుంటే ఆడ కూర్చోనుండే పిల్ల కాలు పోయుండేది,” అన్నారు ఆమె. మళ్లీ నా వైపు తిరిగి, “గీతలు చూసి గుంజేది ఒకటుంటాది కదా, అది బండి ఇచ్చిన రోజే ఆపించినా. మొన్నటిదాకా బాగనే ఉండె. నువ్వు పోయిన సర్వీసులో ఏందో ఎక్కించినావే, ఆ పొద్దు నుంచి ఇట్లుండాది,” అన్నారు.

ఆమె చెప్పినదాన్ని లేన్ కీప్ అసిస్ట్ అంటారు. ముందు అద్దానికి లోపల, పైన ఒక చిన్న కెమెరా ఉంటుంది. అది రోడ్డు మీది తెల్లగీతలు చూస్తూ ఉంటుంది. బండి వేగంలో ఉండగా, ఇండికేటర్ వేయకుండా గీత దాటితే, డ్రైవరు కునుకు తీస్తున్నాడేమో అనుకుని స్టీరింగును మళ్లీ లోపలికి తిప్పుతుంది. నేను ఎక్కించింది అప్‌డేట్, అంటే బండిలోని సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ పంపిన కొత్త మార్పులు.

ఆపించానని ఆమే అంటున్నారు కాబట్టి అది కాదనుకున్నాను. తెర మీద చూసి నిర్ధారించుకోలేదు. కస్టమర్ వాయిస్ గడిలో ‘స్టీరింగ్ పుల్లింగ్’ అని రాశాను. జొన్నలన్న మాట కార్డులోకి రాలేదు.

స్టీరింగ్ పుల్లింగ్ అని ఉంటే మెకానిక్ చూసేది వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాలు నాలుగూ సరైన కోణంలో ఉన్నాయా లేదా అని. ఉన్నాయి. లాప్‌టాప్ తగిలిస్తే ఒక్క తప్పూ చూపలేదు. నేనే బండి తీసుకుని హైవే మీద కొంత దూరం వెళ్లి వచ్చాను. దారం కట్టి లాగినట్టు పోయింది.

తిరిగి వచ్చి చెప్పాను: “బండిలో ఏం లేదు సార్. మేడంకు చెయ్యి ఇంకా కుదరాల. ఈ వయసులో నేర్చుకున్నోళ్లు స్టీరింగును బిగబట్టుకుంటారు. దానికి గుంజినట్టు అనిపిస్తాది.”

“అడిగింది నేను కదప్పా,” అన్నారు ఎస్తేరమ్మ గారు. “వాని మొగం చూసి చెప్తావేంది?”

నిజమే. చెప్పినంతసేపూ నేను సుధాకర్ వైపే చూస్తున్నాను. నా మాట అతనికి నచ్చుతుందని నాకు తెలుసు.

“నాతోపాటు ఆ రోడ్డుకు రా. చూపిస్తా.”

“టైం యాడుంది మేడం? బయట బండ్లు వరసగట్టినాయి.”

“బడిలో పిల్లోడు కడుపునొప్పి అని ఏడిస్తే, మన కంటికి కనపడ్లేదని నొప్పే లేదంటామా బాషా?”

నేను నవ్వి జాబ్ కార్డు పక్కన పెట్టేశాను. కౌంటరు మీదున్న తాళం సుధాకర్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. వచ్చేటప్పుడు బండి నడిపింది ఆమె. పోయేటప్పుడు ఆమె ఎడమ సీట్లో కూర్చున్నారు. అది నేను చూశాను. చూసి, తరువాతి బండి వాళ్లను పిలిచాను.

కొన్ని వారాలకు టైరు మార్పించడానికి సుధాకర్ ఒక్కడే వచ్చాడు. అమ్మ రాలేదా అని మాటవరసకు అడిగాను.

“అమ్మకు బండి ఇయ్యడం మానేసినాం అన్నా. నువ్వే చెప్పినావు కదా.”

“మరి ఆదివారాలు?”

“నాకు అంగడుంటాది, యాడ తీస్కపోయేది? ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటాది. మొదట్లో కొట్లాడింది. ఇప్పుడేం అనడంల్యా.”

ఆ మాటకు నాకు బాధ కలగలేదు. ఒక ఫిర్యాదు ఇక తిరిగి రాదనుకున్నాను. కస్టమర్లకు మా ఆఫీసు నుంచి ఫోన్ చేసి, అడ్వైజర్ పని ఎలా ఉందని అడుగుతారు. సుధాకర్ నాకు అన్నిటికీ మంచి మార్కులు వేయించాడు. ఆ నెల ఉత్తమ అడ్వైజర్‌గా నా పేరు గోడ మీద అంటించారు.

మార్చి చివర్లో సంజామల దగ్గరి ఒక ఊళ్లో కస్టమర్ ఇంటికి చార్జరు బిగించే పని పడింది. షోరూం బండి తీసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. ఎస్తేరమ్మ గారి బండి రకమే. కోవెలకుంట్ల దాటాక కొత్తగా తారు వేసి తెల్లగీతలు గీసిన రోడ్డు. నున్నగా ఉంది కదా అని కాస్త వేగంగానే పోతున్నాను. ఎదురుగా ఎడమవైపు సగం రోడ్డు మీద జొన్నలు ఆరబోసి ఉన్నాయి. అంచున రాళ్లు పేర్చారు. ఒక ముసలామె కాళ్లతో జొన్నలు తిరగేస్తోంది.

అవతల నుంచి బండేదీ రావడం లేదు. కుడికి తిప్పాను. జొన్నల్ని తప్పించుకోవడానికి ఇండికేటర్ వేసేవాడు మా వైపు ఎవడూ ఉండడు. నేనూ వేయలేదు. మధ్యగీత మీదికి చక్రం ఎక్కిందో లేదో, స్టీరింగు నా చేతుల్లో ఎడమకు తిరిగింది. తప్పించి పోదామనుకున్నవాణ్ణి నేరుగా జొన్నల వైపు, ఆమె వైపు పోతున్నాను. బలంకొద్దీ తిప్పి బ్రేకు తొక్కాను. రాళ్లు ఎగిరాయి. జొన్నలు చెల్లాచెదురయ్యాయి. ముసలామె పక్కకు దూకి కుప్ప మీద కూలబడింది. దెబ్బ తగల్లేదు.

“కండ్లు యాడ పెట్టుకోని తోలుతాండావురా? మనిషి కనపడ్లేదా నీకు?”

“కనపడినావు అవ్వా. నేను తిప్పితి. బండే ఎనక్కు గుంజింది.”

“బండి గుంజిందా! ఎద్దు గుంజిందంటే నమ్ముతా. చెయ్యి చేతకాక బండి మీద చెప్తాండావు!”

నా నోట వచ్చింది ఎస్తేరమ్మ గారి మాట. అవ్వ నోట వచ్చింది నా మాట. కాకపోతే నేను దానికి కాస్త మర్యాద అద్ది చెప్పాను. రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఆమెతోపాటు చెదిరిన జొన్నలు చేతులతో పోగుచేశాను.

బండి ఎక్కి తెర మీద వెతికితే లేన్ కీప్ నడుస్తోంది. ఆపేశాను. కావాలని గీత దాటి చూశాను. ఏమీ అనలేదు. పని చూసుకుని తిరిగి వస్తూ కోవెలకుంట్లలో టీ తాగడానికి దిగాను. మళ్లీ స్టార్ట్ చేసి చూస్తే అది ఆన్‌లో ఉంది. నా చేత్తో నేనే ఆపింది, టీ తాగి వచ్చేలోపు లేచి కూర్చుంది.

అప్పుడు అర్థమైంది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి ఆపితే ఆగిపోయేది. కొత్త అప్‌డేట్ తరువాత, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ తనంతట తానే మొదలవుతోంది. ఈ షోరూం బండికీ, ఎస్తేరమ్మ గారి బండికీ ఆ అప్‌డేట్ ఎక్కించింది నేనే. హైవే మీద నాకెందుకు తెలియలేదంటే, పక్క లేనుకు మారిన ప్రతిసారీ అలవాటుగా ఇండికేటర్ వేశాను. వేస్తే అది జోక్యం చేసుకోదు. పై టెక్నికల్ వాళ్లకు ఫోన్ చేసి అడిగితే, “అది అట్లాగే ఉండాలి, సేఫ్టీ కోసం,” అన్నారు. లాప్‌టాప్ తప్పు చూపకపోవడంలో వింత లేదు. కెమెరా తనకు చెప్పిన పని చేసింది. రోడ్డు మీద జొన్నలు ఆరబోస్తారని దానికి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం చెప్పారు.

ఆ ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ వెళ్లాను. ఫోన్లో చెప్పేస్తే సరిపోతుందని దారి పొడవునా మనసు పీకుతూనే ఉంది. ఎస్తేరమ్మ గారు వరండాలో కూర్చుని చాటలో శనగలు ఏరుతున్నారు. సుధాకర్ అంగడికి బయలుదేరుతున్నాడు.

“మేడం, ఆ రోజు మీరు చెప్పిందే నిజం. గుంజింది బండే. నేను ఎక్కించినదానివల్లే. నేను సరిగా చూడకుండా మీ మీద వేసినా,” అన్నాను.

ఆమె తిడతారనుకున్నాను. చాట కింద పెట్టి తన చేతులు చూసుకున్నారు.

“నేనే తప్పేమో అనుకుంటి బాషా. ముసిలిదాన్నైతి, చేతులు చెప్పినట్టు వినడంల్యా అనుకుంటి. మొన్న పాల గిన్నె జారితే, అవును, బాషా చెప్పింది నిజమే అనుకుంటి.”

తిట్టి ఉంటే బాగుండేది.

సుధాకర్ ఒప్పుకోలేదు. “అప్పుడు బండి మంచిదంటివి. ఇప్పుడు ఇట్లంటాండావు. ఏది నమ్మాల అన్నా?”

జవాబు చెప్పడానికి నోరు తెరిచి, అతని వైపు తిరగబోయిన తలను ఆపుకున్నాను. ఆమెనే చూస్తూ చెప్పాను. “బండి మంచిదే. మేడం చెయ్యీ మంచిదే. చెడ్డది నా మాట.”

“అమ్మా, మళ్లా ఏమన్నా అయితే?” అన్నాడు సుధాకర్.

“ఏమన్నా అయితే అప్పుడు మాట్లాడు. తాళం ఇయ్యి,” అంటూ ఆమె చెయ్యి చాపారు. అతను జేబులోంచి తీసి ఇచ్చాడు.

బండిలో కూర్చుని, తెర మీద ఎక్కడ నొక్కాలో, ఎలా నొక్కాలో చూపించాను.

“ప్రతిసారీ నొక్కాల్నా?”

“ఆపి స్టార్ట్ చేసినప్పుడల్లా నొక్కాల మేడం. దానికి మందు నా దగ్గర లేదు.”

“ఇదేం పిల్లోడబ్బా, పొద్దున చెప్పింది మధ్యాన్నానికి మర్చిపోతాడు! సరే, హాజరు పిలిచినట్టు పొద్దున్నే పిలుస్తా.”

నవ్వుతూనే అన్నారు కానీ, ఊరు దాటాక చూస్తే స్టీరింగు మీద ఆమె వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను ఆ రోజు అబద్ధంగా అన్న బిగపట్టు, ఇప్పుడు నిజంగా వచ్చింది. ఎదురుగా లారీ కనపడితే బండి దాదాపు ఆపేశారు. కోవెలకుంట్ల దారిలో సగం కూడా పోకముందే పక్కకు తీశారు.

“ఈ పొద్దుకు చాలు బాషా.”

“పల్లె దాకా పోదాం మేడం, నేనుండా కదా.”

“నువ్వుంటే పోవడం కాదప్పా నాకు కావాల్సింది,” అని బండి వెనక్కి తిప్పారు. ఒక్క మాటతో నేను పాడుచేసింది ఒక్క మాటతో బాగుపడలేదు. అప్‌డేట్ అయితే లాప్‌టాప్‌తో ఎక్కించవచ్చు.

ఆ తరువాత నేను పనిచేసే తీరు కొంత మారింది. ఎవరైనా బండి ఇలా చేస్తోందని చెబితే, వాళ్లనే నడపమని నేను పక్కన కూర్చుంటాను. వీలైతే వాళ్ల రోడ్డుకే వెళతాను. రోజుకు చూసే బండ్లు తగ్గాయి. గోడ మీద నా పేరు మళ్లీ రాలేదు. ఇది మంచితనమని చెప్పుకోను. జొన్నల మీద కూలబడిన ఆ అవ్వ ఇంకొంచెం నిదానంగా దూకి ఉంటే నా గతి ఏమిటన్న భయం కూడా ఇందులో ఉంది.

వానాకాలం మొదట్లో ఎస్తేరమ్మ గారి బండి సర్వీసుకు వచ్చింది. డ్రైవరు సీట్లోంచి ఆమె ఒక్కరే దిగారు. చక్రాలకు సంజామల నల్లమట్టి అంటుకుని ఉంది.

“పిల్లోళ్లు ఎట్లుండారు మేడం?”

“రెండు పాటలు మర్చిపోయినారు. మళ్లా మొదటినుంచి చెప్తాండా.”

ఆ రెండు పాటల బాకీ ఎవరిదో ఆమె అనలేదు. నేను జాబ్ కార్డు తీశాను.

“ఈసారి ఏమన్నా ఉండాదా మేడం?”

“ఉండాది. రివర్సు పోయేటప్పుడు ఎనక ఎవరూ లేకపోయినా, గుడ్డు పెట్టిన కోడి మాదిరి మొత్తుకుంటాంది.”

చెయ్యి అలవాటు కొద్దీ ‘సెన్సర్’ అని మొదలుపెట్టింది. కొట్టేసి ఆమె మాటలే రాశాను. బల్లకు అవతల నిలబడి, తలకిందులుగానే చదివేశారు ఆమె. బడిపంతులమ్మ కదా.

“‘అరుస్తాంది’ అని రాసినావే. నేను ‘మొత్తుకుంటాంది’ అంటి.”

దిద్దాను. “యాడ మొత్తుకుంటాంది మేడం?”

“చర్చి గోడ కాడ.”

మెకానిక్‌ను పిలవబోయి ఆగాను. తాళం ఆమె చేతికే ఇచ్చి, నేను ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాను.